బుధగ్రహానికి బదిలీ

నన్ను బుధగ్రహానికి బదిలీ చేశారు. ప్రయాణ భత్యం రాదన్నారు. కొత్త స్థానం పాత స్థానానికి ఎనిమిది కిలోమీటర్ల లోపే ఉందట. నిజమే. మా ఎర్రదిన్నె జిల్లా పరిషత్ హైస్కూలు స్టాఫ్ రూం కిటికీలోంచి చూస్తే బుధగ్రహం కనిపిస్తుంది. సిమెంటుతో చేసి, బూడిద రంగు పూసి, ఇనుప గొట్టం మీద నిలబెట్టిన బంతి అది. కొబ్బరికాయంత ఉంటుంది. దాని పక్కన కుర్చీ వేసుకుని, ఉదయం పూట, ఆర్డరులో చెప్పిన విధంగా విధుల్లో చేరాను.

మీరు నవ్వుకోవచ్చు. నేను నవ్వే స్థితిలో లేను, ఎందుకంటే నాకు పదో తరగతి ఉంది. ఇరవై తొమ్మిది మంది పిల్లలు. మా బడిలో వాళ్లకు ఫిజికల్ సైన్సు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. కాంతి పాఠం అయింది, విద్యుత్తు సగంలో ఉంది. ఆ సగంలోనే నన్ను లేపి వేరే గ్రహానికి పంపారు.

ఇదంతా ఎలా జరిగిందో చెబుతాను. చెప్పేటప్పుడు నాకు మధ్యమధ్య కోపం వస్తుంది, మీరే సర్దుకోవాలి.

నిరుడు మా బడికి సౌర కుటుంబ పార్కు మంజూరైంది. పిల్లల్లో ఖగోళ స్పృహ పెంచాలని పైవాళ్లకు ఆ ఏడు ఉత్సాహం పుట్టింది. అంతకు ముందు ఏడు పుట్టగొడుగుల మీద పుట్టింది. మైదానం మధ్యలో పసుపు రంగు సూర్యుడు, చుట్టూ దూరదూరంగా ఎనిమిది గ్రహాలు, వాటికి ఇనుప కడ్డీలతో బిగించిన ఉపగ్రహాలు. మేస్త్రీ చాలా శ్రద్ధగా చేశాడు. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని మరీ రంగులు వేశాడు. చిక్కంతా బిల్లు దగ్గర వచ్చింది. ఆ పథకం కింద ఒక పాఠశాలకు ఒక్క నిర్మాణమే చూపాలట. మావేమో తొమ్మిది.

మా మండల విద్యాధికారి ఓబుళపతి గారు దీన్ని తేల్చడానికి స్వయంగా వచ్చారు. ఆయనకు తెలియని జీవో లేదు, తెలిసిన గ్రహం లేదు.

"వెరీ సింపుల్ మేడం," అన్నారు ఆయన. "సూర్యుణ్ని మీ హైస్కూలు కోడ్ కింద చూపిద్దాం. మిగతా ఎనిమిదింటికీ కొత్త పాఠశాల కోడ్లు క్రియేట్ చేద్దాం. ఇకమీదట ప్రతి గ్రహమూ ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలగా పరిగణించబడుతుంది."

మా హెడ్మాస్టరు వెంకోబరావు గారు నావైపు చూశారు. ఆయన మొదటినుంచీ మంచివారే. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఇంకా మంచివారయ్యారు.

"చేసేద్దాం తల్లీ," అన్నారు మెల్లిగా. "మనకెందుకు చెప్పు."

చేసేశాం. కానీ ఆన్‌లైన్ పోర్టల్ ఊరుకోదు కదా. పాఠశాల అన్నాక సిబ్బంది ఉండాలి. ఆ గడి ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. ఓబుళపతి గారు గడ్డం నిమురుకున్నారు.

"గ్రహాల దగ్గర పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటారా మేడం?"

"పనిచేసేవాళ్లు ఉండరు సార్. చుట్టూ తిరిగే ఉపగ్రహాలుంటాయి."

"పర్మనెంటా, కాంట్రాక్టా?"

"వందల కోట్ల ఏళ్లుగా తిరుగుతున్నాయి సార్."

"అయితే రెగ్యులర్ సిబ్బందే. ఎంటర్ చేయండి."

ఎంటర్ చేశాను. బుధుడికి, శుక్రుడికి ఉపగ్రహాలు లేవు, కాబట్టి సిబ్బంది సున్నా. భూమికి చంద్రుడొక్కడు, ఏకోపాధ్యాయ పాఠశాల. అంగారకుడికి ఫోబోస్, డీమోస్ అని ఇద్దరు. గురుగ్రహానికి వంద దాకా ఉన్నాయి. శనికైతే రెండు వందలు దాటి ఇంకా కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. పార్కులో శనికి మేస్త్రీ బిగించింది నాలుగే, అయినా రికార్డు సమగ్రంగా ఉండాలన్నారు. ఒక్కొక్కరికీ సబ్జెక్టు కూడా చూపించాలి. గురుగ్రహపు ఉపగ్రహం యూరోపాకు మంచు కింద నీళ్లుంటాయని జీవశాస్త్రం ఇచ్చాం. దాని తోటి ఉపగ్రహం అయోలో అగ్నిపర్వతాలున్నాయని సాంఘికం ఇచ్చాం. శని ఉపగ్రహం టైటాన్‌కు దట్టమైన వాతావరణం ఉంది గనుక ఫిజికల్ సైన్సు ఇచ్చాం. ఉద్యోగంలో చేరిన తేదీ దగ్గర నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ల కిందటిది కొడితే పోర్టల్ ఎర్రబడింది. అది తీసుకోగల అతి పాత తేదీ ఏదో అదే అందరికీ వేశాం.

వెంకోబరావు గారికి ఒక అనుమానం వచ్చింది. "ప్లూటో అని ఒకటుండేది కదమ్మా, మా చిన్నప్పుడు?"

"దాని స్థాయి తగ్గించారు సార్. ఇప్పుడు మరుగుజ్జు గ్రహం."

ఓబుళపతి గారు గౌరవంగా తలూపారు. "హైస్కూలును ప్రాథమికోన్నత పాఠశాలగా కుదించారన్నమాట. అదీ పద్ధతి. ఎవరో సమర్థుడైన అధికారి చేసిన పని."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. బిల్లు పాసైంది, మేస్త్రీ వెళ్లిపోయాడు, పిల్లలు అంగారకుడి మీద లంచ్ బ్యాగులు తగిలించుకోవడం మొదలుపెట్టారు. కానీ కోడ్ అంటూ పుట్టాక సమీక్షలు రాకుండా ఉండవు. మొదటి మెమో శుక్రుడికి వచ్చింది. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరిగే లోపు సూర్యుడి చుట్టూ ఒక ప్రదక్షిణ ముగించేస్తాడు. అంటే అక్కడ రోజు కంటే సంవత్సరం చిన్నది. ఈ సంగతి నేనే పాఠశాల వివరాల్లో రాశాను, చదివే పిల్లలకు ఆసక్తిగా ఉంటుందని. పైవాళ్లు చదివారు. సంవత్సరం పూర్తయినా ఒక్క పనిదినం కూడా పూర్తిచేయని పాఠశాలపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపమన్నారు.

తర్వాత యురేనస్‌కు, విధుల్లో పక్కకు ఒరిగి పడుకున్నందుకు. ఆ తర్వాత నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటాన్‌కు, గ్రహం తిరిగే దిశకు వ్యతిరేక దిశలో తిరుగుతూ పై అధికారిని ధిక్కరిస్తున్నందుకు. సంజాయిషీలన్నీ నేనే రాశాను. ట్రైటాన్ తరఫున క్షమాపణ కోరి, ఇకపై జాగ్రత్తగా తిరుగుతానని హామీ ఇచ్చాను. ఇచ్చిన మాట అది ఇప్పటికీ నిలబెట్టుకోలేదు.

ఇక రేషనలైజేషన్ వచ్చింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. టీచర్లు ఎక్కువున్న బళ్ల నుంచి తీసి, లేని బళ్లకు సర్దడం. పేరు బాగుంటుంది, ఉద్దేశం కూడా బాగుంటుంది. పోర్టల్ మా మండలాన్ని చూసి నిర్ఘాంతపోయి ఉంటుంది. ఒకచోట ఒక్క విద్యార్థీ లేకుండా రెండు వందల పైచిలుకు టీచర్లు, రెండు చోట్ల ఒక్కరూ లేరు. చంద్రుణ్ని వెంటనే డిప్యుటేషన్ మీద వేశారు. సోమ, మంగళ, బుధవారాలు భూమి మీద, మిగతా మూడు రోజులు శుక్రుడి మీద పనిచేయాలి. ఆదివారం సెలవు.

శనిలో మిగులు సిబ్బంది జాబితాలో మొదటి పేరు టైటాన్‌ది. దగ్గర్లో ఫిజికల్ సైన్సు పోస్టు ఉన్న బడి మాది. ఉన్నది ఒక్క పోస్టు, దానికి ఇద్దరం. సీనియర్ ఉంటాడు, జూనియర్ కదులుతుంది. నేను చేరి పద్నాలుగేళ్లే. టీచర్లు లేని పాఠశాలల్లో అతి దగ్గరిది బుధుడు. ఇందులో ఒక్క మెట్టు దగ్గర కూడా నిబంధన తప్పలేదు. అదే నాకు ఒళ్లు మండించింది.

ఓబుళపతి గారి ఆఫీసుకు వెళ్లాను.

"సార్, టైటాన్ అంటే సిమెంటు బంతి."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం మేడం. రికార్డు ప్రకారం ఆయన స్కూల్ అసిస్టెంట్. సీనియారిటీలో జిల్లాకే మొదటివారు. ఒక్క సెలవు కూడా వాడుకోలేదు."

"ఆయన పాఠం చెప్పలేడు సార్."

"కొత్తగా చేరబోయే సహోద్యోగి మీద ముందే ఇలాంటి అభిప్రాయం మంచిది కాదు. అవకాశం ఇచ్చి చూడాలి."

"పదో తరగతి పిల్లలు నష్టపోతారు సార్. వాళ్లకు పరీక్షలున్నాయి."

"బుధుడి మీద పిల్లలు లేరా?"

"లేరు సార్. అక్కడ గాలే లేదు."

"అదీ, అలాంటి చోటనే అంకితభావం ఉన్న టీచర్లు కావాలి," అని ఆయన నా రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టారు.

మరునాడు అటెండరు బజారి శని దగ్గరికి వెళ్లి, రెంచితో టైటాన్‌ను విప్పి, చంకన పెట్టుకుని తెచ్చి స్టాఫ్ రూంలో నా కుర్చీలో కూర్చోబెట్టాడు. ముఖం చూసి హాజరు వేసుకునే యాప్ ఒకటి ఉంది మాకు. నా ముఖాన్ని వారానికి రెండుసార్లు గుర్తుపట్టనంటుంది. టైటాన్‌ను మొదటిసారికే గుర్తుపట్టింది.

నేను బుధుడి పక్కన కూర్చున్నాను. ఎండ. చేతిలో పని లేదు. కిటికీలోంచి నా తరగతి కనిపిస్తూ ఉంది. బల్ల మీద నారింజ రంగు బంతి, ఎదురుగా బెంచీల్లో పిల్లలు. ఇంటర్వెల్లో నాగవేణి పరిగెత్తుకొచ్చింది. తరగతిలో బాగా చదివే పిల్ల, అర్థంకాకపోతే వదిలిపెట్టని రకం.

"మేడం, నిరోధాలు సమాంతరంగా పెడితే మొత్తం ఎట్ల తగ్గుతాది? టైటాన్ సార్‌ను అడిగితే ఏం పలకడంల్యా."

నేను పుల్ల తీసుకుని నేల మీద గీత గీయబోయాను. వరండాలోంచి వెంకోబరావు గారు చేతులూపుకుంటూ వచ్చారు.

"వద్దు షాహీన్, వద్దు తల్లీ. ఆ పాప మన హైస్కూలు విద్యార్థి. నువ్వు వేరే గ్రహం. వేరే బడి పిల్లలకు చెబితే ప్రైవేటు ట్యూషన్ కిందికి వస్తుంది. నీకూ మెమో, నాకూ మెమో."

పుల్ల కింద పడేశాను. నాగవేణి వెనక్కి వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది. ఆ బాధలో ఓబుళపతి గారిని, పోర్టల్‌ను, టైటాన్‌ను వరసగా తిట్టుకున్నాను. టైటాన్‌ను తిట్టడం అన్యాయమే, దాని తప్పేమీ లేదు.

ఆ వారంలోనే జిల్లా నుంచి తనిఖీ బృందం వచ్చింది. టైటాన్ తరగతిలో వెనక బెంచీ మీద పీరియడంతా కూర్చున్నారు. పిల్లలు భయంతో ఊపిరి బిగబట్టి ఉన్నారు. బృందం వాళ్లు బయటికొచ్చి పుస్తకంలో రాశారు, ఉపాధ్యాయుడు ఒక్క మాటైనా మాట్లాడకుండా తరగతిని నిశ్శబ్దంగా ఉంచిన తీరు ఆదర్శప్రాయమని, విద్యార్థులే తమంతట తాము ఆలోచించుకునే అవకాశం సంపూర్ణంగా కల్పించారని. మండలంలోని మిగతా సైన్సు టీచర్లందరూ వచ్చి చూసి నేర్చుకోవాలని కూడా రాశారు. వచ్చారు. చూశారు. నన్ను చూసి జాలిపడి వెళ్లారు.

నాగవేణి తల్లి ఉలిగమ్మ ఒకరోజు పొలం పనికి పోతూ గేటు దగ్గర ఆగి, నన్ను చూసి లోపలికి వచ్చింది. చేతిలో సద్ది గిన్నె.

"ఏం మేడం, నువ్వు ఈడ ఎండలో కూసున్యావు, ఆ బంతి నీ కుర్చీలో కూసుండాది?"

ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారీ నవ్వలేదు. అంతా విని సద్ది గిన్నె బుధుడి పక్కన దించింది.

"మా పాప సైన్సులో తప్పితే వచ్చే ఏడు నాతో సుగ్గికి వస్తాది. మా ఆయప్ప అప్పుడే చెప్పినాడు. పాసయితే చదివిస్తాడంట, తప్పితే ల్యా."

సుగ్గి అంటే మిరపకాయల కోతకు ఊరు విడిచి గుంటూరు వైపు వెళ్లడం. నెలల తరబడి చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఉంటారు. మా ఊళ్లో పదో తరగతి తప్పిన పిల్లలకు అదే పై చదువు.

"ఒక మాట చెప్పు మేడం," అంది ఉలిగమ్మ. "ఇది బడేనా?"

"ఏది?"

"ఈ బంతి. దీన్ని బడే అని రాసుకున్యారా?"

"రాసుకున్నారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాల, బుధగ్రహం. కోడ్ కూడా ఉంది."

"నువ్వు దీనికి టీచరు."

"అవును."

"అట్లయితే మా పాపను దీంట్లో చేర్చుకో. ఆడ పేరు కొట్టేపిచ్చుకోని వస్తా."

నేను పద్నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, నాకు తట్టలేదు. ఆమె అప్పుడే వెంకోబరావు గారి గదికి నడుస్తోంది.

తల్లి అడిగితే టీసీ ఇవ్వనని చెప్పడానికి లేదు. వెంకోబరావు గారు కంగారుగా ఓబుళపతి గారికి ఫోన్ చేశారు. అవతలి నుంచి మాట నాక్కూడా వినిపించింది. "బుధుడికి అడ్మిషనా? ఇచ్చేయండి, వెంటనే ఇచ్చేయండి. ఎనిమిది పాఠశాలల్లో విద్యార్థులు సున్నా అని నా తల తినేస్తున్నారు పైన."

వారం తిరిగేలోపు ఇరవై తొమ్మిది మందీ బుధుడి మీదికి వచ్చేశారు. ఉలిగమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. నేను నేల మీదే బల్బులు, బ్యాటరీలు గీసి విద్యుత్తు మొదటినుంచీ చెప్పాను. నాగవేణికి సమాంతర నిరోధాలు అర్థమయ్యాయి. పిల్లలు తువ్వాళ్లు తల మీద కప్పుకుని రాసుకునేవాళ్లు. బుధుడు సూర్యుడికి అతి దగ్గరి గ్రహమని వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. నీడ కోసం ఖాళీగా ఉన్న తరగతి గది అడిగితే, అది టైటాన్ గారి అధీనంలో ఉంది, ఆయన లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోండి అన్నారు.

అయినా నేను సంతోషంగానే ఉన్నాను. చాలా ఏళ్ల తర్వాత పాఠం చెబుతుంటే గొంతు బాగా లేచింది. మధ్యలో ఒకసారి ఓబుళపతి గారు ఫోన్ చేశారు.

"మేడం, మీ గ్రహంలో సంవత్సరం ఎనభై ఎనిమిది రోజులేనట. ఆ లెక్కన వార్షిక పరీక్షలు ఈపాటికి అయిపోయి ఉండాలి కదా. ఫలితాలేవి?"

అప్పటికి నాక్కూడా వాళ్ల భాష కొంచెం పట్టుబడింది. "సార్, మా దగ్గర ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి నూట డెబ్బై ఆరు రోజులు. ఇంకా మొదటి పీరియడే నడుస్తోంది."

"ఓహో. అయితే పర్వాలేదు, పూర్తికానివ్వండి," అన్నారు ఆయన.

తర్వాత స్వయంగా వచ్చారు కూడా. పిల్లల్ని లెక్కపెట్టుకుని, బుధుడి మీద చేయి వేసి ఫోటో దిగారు. సున్నా నుంచి ఇరవై తొమ్మిదికి ఎదిగిన పాఠశాల రాష్ట్రంలో ఇంకోటి లేదన్నారు. నా కృషిని పై అధికారుల దృష్టికి తీసుకుపోతానన్నారు. నాకు భయం వేసింది. దృష్టికి వెళ్లినది ఏదీ మళ్లీ పాత చోట ఉండదు.

అదే జరిగింది. పోర్టల్ మళ్లీ లెక్క చూసుకుంది. హైస్కూల్లో పదో తరగతి విద్యార్థులు సున్నా, అక్కడ ఫిజికల్ సైన్సు టీచరు టైటాన్, కాబట్టి మిగులు. పిల్లలు ఎక్కడుంటే మిగులు టీచరు అక్కడికి పోవాలి. పిల్లలు బుధుడి మీద ఉన్నారు. బుధుడి మీద పోస్టు ఒక్కటే. సీనియర్ ఉంటాడు, జూనియర్ కదులుతుంది. టైటాన్ ఖాళీ చేసిన స్థానం శనిలో ఉంది గనుక నన్ను శనికి వేశారు.

ఆర్డరు పొద్దున్నే చేతికి వచ్చింది. ఈసారి కోపం కూడా రాలేదు. ఏడుపు వచ్చింది. సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి, లోహాల పాఠం మొదలే కాలేదు.

శని మైదానం చివర, ప్రహరీ గోడ పక్కన ఉంటుంది. కుర్చీ నెత్తిన పెట్టుకుని బయలుదేరాను. సగం దారిలో బజారి ఎదురొచ్చాడు, చంకలో టైటాన్. ఇద్దరం దారి ఇచ్చుకున్నాం. బుధుడి పక్కన దాన్ని దించితే గ్రహం కంటే టీచరే పెద్దగా కనిపించాడు. నిజంగా ఆకాశంలోనూ టైటాన్ బుధుడి కంటే పెద్దదే, మేస్త్రీ కొలతలు ఎక్కడా తప్పలేదు.

నేను శని దగ్గరికి చేరేసరికి అక్కడ చోటు లేదు. పిల్లలు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. శని చుట్టూ వలయం కోసం మేస్త్రీ వెడల్పాటి రేకు బిగించాడు. దాని కింద చల్లగా నీడ పడుతోంది. ఇరవై తొమ్మిది మందీ ఆ నీడలో గుండ్రంగా సర్దుకుని పుస్తకాలు తెరిచారు. పక్కన ఉలిగమ్మ, చేతిలో బుధుడి నుంచి తెచ్చిన టీసీల కట్ట. బుధుడికి ఉన్న ఒక్క టీచరుగా వాటి మీద నేనే సంతకాలు పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఆమె కాగితాలు తెస్తే, ఏడుస్తూ, చూడకుండానే పెట్టాను.

"ఆ బంతి మళ్లా ఈడికి వస్తాదా మేడం?" అని అడిగింది ఆమె.

"వస్తుంది. పిల్లలు లేరని తెలియడానికి పోర్టల్‌కు రెండు వారాలు పడుతుంది. తర్వాత వస్తుంది. నన్ను ఇంకెక్కడికో వేస్తారు."

"ఇంగా ఎన్ని గ్రహాలుండాయి?"

"ఇంకో ఆరు."

ఉలిగమ్మ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. రెండుసార్లు చూసుకుంది. తర్వాత కొంగు దులుపుకుని లేచి, సద్ది గిన్నె తీసుకుంది.

"పరీక్షల దంకా వస్తాయిలే. నువ్వు పాఠం చెప్పు."